సాంబ్రాణి పొగ పట్టిన మేకపిల్ల

సాంబ్రాణి వాసన వస్తే చాలామందికి గుడి గుర్తొస్తుందట. నాకు మేకపిల్ల గుర్తొస్తుంది. ఎవరితోనైనా అంటే నవ్వుతారని అనను.

అనకాపల్లిలో మేము మేడమీద వాటాలో అద్దెకుంటున్నాం. కింద ఇంటివాళ్ళ అమ్మాయి పురిటికి వచ్చింది. పాప పుట్టింది. రోజూ కాస్త పొద్దెక్కేసరికి కింద నీళ్ళు పోయడం, పొగ వేయడం మొదలవుతాయి. ఆ పొగ మెట్లెక్కి నా గుమ్మంలోకి వస్తుంది. కుడుతున్న జాకెట్టు మిషను మీదే వదిలేసి కూర్చుండిపోతాను. పాపని చూద్దామని రెండు మూడుసార్లు కిందికి వెళ్ళాను. ఇంటావిడ మంచిదే, కాఫీ ఇస్తుంది, కబుర్లు చెబుతుంది. పాప మాత్రం నిద్రపోతోంది అంటుంది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ పాప నిద్రపోతూనే ఉంటుంది. పిల్లల్లేనిదాన్ని పురిటి గదిలోకి రానివ్వకపోవడం ఎవరూ పైకి చెప్పని పద్ధతి. చెప్పకపోయినా అర్థమవుతుంది, నేనేం చిన్నపిల్లని కాదు.

మా అత్త ఉంటే ఆ గదిలోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. ఆవిణ్ణి ఆపే ధైర్యం ఏ ఇంటావిడకీ ఉండేది కాదు.

మా అత్తవారిది కె. కోటపాడు దగ్గర పల్లె. కొంచెం చెరుకు, కొంచెం వరి, నాలుగు మేకలు. ఇంట్లో ముగ్గురమే ఉండేవాళ్ళం. మా ఆయన ట్రాలీ ఆటో తోలేవాడు, నేను బట్టలు కుట్టేదాన్ని. మా అత్త ఊళ్ళో పుట్టిన పిల్లలందరికీ నీళ్ళు పోసేది. అది ఆవిడ పని కాదు, ఆవిడ హక్కు. ఎవరింట్లో పురుడొచ్చినా ముందు ఆవిడకి కబురొచ్చేది. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, ఆ కాళ్ళ మీద పసిబిడ్డని పడుకోబెట్టుకుని నూనె రాసి, సున్నిపిండి పెట్టి, చెంబుతో వేణ్ణీళ్ళు ధారగా పోసేది. ముక్కు నొక్కేది, బుర్ర గుండ్రంగా ఒత్తేది. చివర్న నిప్పుల మీద సాంబ్రాణి చల్లి ఆ పొగలో బిడ్డని అటూ ఇటూ తిప్పేది. బిడ్డ అప్పటిదాకా ఊరంతా వినపడేలా ఏడ్చి, పొగ తగలగానే నిద్రలోకి జారుకునేది.

"ఈ ఊర్లో గుండ్రంగా ఉన్న బుర్రలన్నీ నా సేతివే" అనేది. సొట్ట బుర్ర ఎవరిదైనా కనిపిస్తే, "ఈడి తల్లి పుట్టింట్లో కన్నాది" అని తేల్చేసేది.

ఊరందరి బిడ్డలూ ఆవిడ కాళ్ళ మీద పడుకున్నారు. ఆవిడ ఇంట్లోంచే ఎవరూ రాలేదు. విశాఖపట్నంలో పెద్ద డాక్టర్లకి చూపించుకున్నాం, మొక్కులు మొక్కాం, తర్వాత రెండూ మానేశాం. మా అత్త నన్ను ఒక్క మాట అనలేదు. అసలు ఆ ఊసే ఎత్తలేదు. నాలాంటి నోరున్న కోడలికి అదే పెద్ద శిక్ష. ఏదైనా అంటే ఎదురు చెప్పి, నాలుగు ఏడుపులు ఏడ్చి తేలికపడేదాన్ని. ఆవిడ ఎవరింట్లోనో నీళ్ళు పోసి, చీర అంచు తడిపేసుకుని, పసివాసనతో ఇంటికొచ్చి, ఏమీ జరగనట్టు కంచం ముందేసుకుని కూర్చునేది. ఆ వాసన నాకు తగలకుండా కొంచెం దూరంగా కూర్చునేది. అది నేను చూడలేదనుకునేది.

ఆ ఏడు చలి మామూలుగా లేదు. పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా ఉన్న చెరుకుతోట కనిపించేది కాదు, అంతా మంచే. ఆ మంచులో ఒక ఉదయం వాకిలి ఊడ్చడానికి లేచి చూస్తే, మేకలు కట్టే సాలలో మా నల్లమేక ఈనేసి ఉంది. రెండు పిల్లలు. ఒకటి అప్పుడే లేచి, కాళ్ళు తడబడుతూ పొదుగు వెతుక్కుంటోంది. తల్లి దాన్ని నాకుతోంది. రెండోది మూలన గడ్డి మీద తడితడిగా పడి ఉంది. అరచేతి కన్నా కొంచెం పెద్దదంతే. తెలుపు మీద గోధుమరంగు మచ్చలు. కదలడం లేదు.

"అత్తా! బేగి రా! మేక ఈనీసింది, ఒకటి పోయినట్టుంది!" అని అరిచాను.

మా అత్త వచ్చి పిల్లని ఎత్తి, నోట్లో వేలు పెట్టి చూసింది.

"నోరు సల్లగా అయిపోనాదే. పోలేదు. నీల్లు ఎట్టు."

"ఏటి, బతుకుతాదా?"

"బతక్కేటి సేత్తాది? ముందు నీల్లు ఎట్టమంతన్నాను."

నేను పొయ్యి వెలిగించాను. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసొస్తాయి. మా అత్త పీట వేసుకుంది. కాళ్ళు చాపింది. మేకపిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నువ్వులనూనె రాసింది. గుండె మీద, వీపు మీద, ఆ పుల్లల్లాంటి కాళ్ళ మీద మర్దనా చేసింది. సున్నిపిండి పెట్టి ఒంటిమీది జిగురంతా తోమింది. వేణ్ణీళ్ళు ధారగా పోసింది. ముక్కు కూడా నొక్కింది. పాత చీరముక్కతో తుడిచి, "సాంబ్రాణి తే" అంది. తెచ్చాను. ఇది మేకపిల్ల కదా అని ఆవిడకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. బిడ్డ చల్లబడింది, నీళ్ళు పోయాలి, పొగ వేయాలి. అంతే.

పొగలో తిప్పుతుంటే అది తుమ్మింది. ఇంకోసారి తుమ్మింది. అప్పుడు సన్నగా అరిచింది. మా అత్త నా వంక చూసి పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. ఆ నవ్వు నేను ఊళ్ళోవాళ్ళ వాకిళ్ళలో దూరం నుంచి చూశానే గానీ మా ఇంట్లో చూడటం అదే మొదలు. నేను కాటుక భరిణె తెచ్చి దాని చెంప మీద దిష్టిచుక్క పెట్టాను.

తర్వాత దాన్ని తల్లి దగ్గరికి తీసుకెళ్ళి దించాం. నల్లమేక మూతి చాపి వాసన చూసింది. తల వెనక్కి లాక్కుంది. పిల్ల పొదుగు కిందికి దూరబోతే కొమ్ముతో ఒక్క నెట్టు నెట్టింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ నెట్టింది. మూడోసారి గోడకేసి కొట్టబోతే మా అత్త లాక్కుంది.

మా వీధి చివర మేకలు కాసే చిన్నాన్న ఉండేవాడు. మా అత్తకి తమ్ముడి వరస. అరుపులు విని వచ్చి, పిల్లని ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్క క్షణం ఆగి, నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు.

"అప్పా! మేకపిల్లకి తలంటి సాంబ్రాణి ఏసినోలిని నా పుట్టుకలో ఇదే సూడ్డం! అది ఆ తడి నాకీ, ఆ వాసన పట్టీ కదా తన పిల్లని ఆనవాలు కడతాది. నువ్వు సున్నిపిండెట్టి తోమీసేవు. ఇంక అది ఎవుల పిల్లనుకుంటాది?"

"అయితే ఇప్పుడేటి సెయ్యాలిరా?" అంది మా అత్త.

"ఏటి సేత్తావు? పెంచు. ఉయ్యాల కూడా ఏసీ."

చిన్నాన్న నవ్వుకుంటూ వెళ్ళాక మా అత్త వాకిట్లో కూలబడి చేతులు చూసుకుంది. "తల్లినీ పిల్లనీ ఇడదీసేనే" అంది. "నా సేతులకి తెలిసిందదొక్కటే కదే."

ఆవిడ బాధ నాకు అర్థమైంది. అయినా నిజం చెప్పాలంటే, నల్లమేక కాదన్నందుకు నాకు లోపల సంతోషం పొంగుకొచ్చింది. దాన్ని నేనిప్పటికీ తప్పనుకోను. ఆ పిల్ల మా ఇంట్లో ఉండబోతోంది. మా ఇంట్లో, పొయ్యి పక్కన, రాత్రీ పగలూ. నాకు ఇంకేం వినపడలేదు.

మేకని కట్టేసి పాలు పితికాం గానీ, పిల్లకి గ్లాసుతో తాగడం రాలేదు. శాలువా కప్పుకుని కోటపాడు వెళ్ళి మందుల షాపులో పాలసీసా, పాలపీక అడిగాను. షాపతను ఎప్పుడూ చూసిన మనిషి కాదు.

"ఎన్ని రోజుల బిడ్డమ్మా?"

"ఇవాళే."

"బాబా, పాపా?"

"పాప" అన్నాను.

మేకపిల్లకని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. రానివ్వలేదు.

"పాలు పడలేదా?"

"పడలేదు."

"కంగారు పడకండి. కొత్తలో కొంతమందికి అలాగే ఉంటుంది, రెండు రోజుల్లో పడతాయి. సీసా మరగబెట్టి వాడండి." డబ్బులు తీసుకుంటూ నా వంక చూసి, "అయినా ఈ చలిలో మీరెందుకు వచ్చారమ్మా? ఎవరినైనా పంపాల్సింది. చెవులకి గుడ్డ కట్టుకోండి, గాలి తగలకూడదు" అన్నాడు.

ఆ మాట నాతో ఎవరూ అనలేదు అప్పటిదాకా. అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. బయటికొచ్చి శాలువా చెవుల మీదుగా లాక్కున్నాను. ఆటో ఎక్కకుండా ఇంటిదాకా నడిచే వచ్చాను. దారిలో ఎదురైనవాళ్ళందరూ నన్ను బాలింత అనుకోవాలని కోరుకున్నాను. ఒక్కరు కూడా నా వంక చూడలేదు, అది వేరే సంగతి.

అలా ఆ చలికాలం మేకపిల్ల మా ఇంట్లో పెరిగింది. సబ్బుల అట్టపెట్టెలో గోనె పరిచి, పైన మా అత్త మెత్తటి పాత చీర వేసి పొయ్యికి కాస్త ఎడంగా పెట్టాం. మొదట్లో సీసా నోట్లో పెడితే పీక నమిలేది. తర్వాత నేను సీసా కడుగుతున్న చప్పుడు వింటే చాలు, పెట్టెలోంచి దూకి వచ్చి నా చీరకుచ్చిళ్ళు లాగేది. తాగుతూ తాగుతూ రెండు ముంగాళ్ళూ మడిచి మోకాళ్ళ మీద కూర్చునేది. తోక ఒకటే ఊపు. తాగేశాక మూతికి నురగతో నా మెడలో దూరి నిద్రపోయేది. దాని ఒళ్ళు వెచ్చగా, సాంబ్రాణి వాసనతో ఉండేది. ఎందుకంటే పొగ వేయడం మా అత్త మానలేదు. చలిలో మేకపిల్లకి నీళ్ళు పోయొద్దని చిన్నాన్న గట్టిగా చెప్పాడు కాబట్టి నీళ్ళు మానేసింది. పొగ మాత్రం రోజూ వేసేది. "వాసన ఎలాగూ పోనాది, ఇంకేటి పోతాది" అనేది. ఒట్టి చేతులతో కాళ్ళు సాగదీసి, ఒళ్ళు పట్టి, పొగలో తిప్పి, అప్పుడు నా ఒళ్ళో పెట్టేది. ఆవిడ చేతుల్లోంచి నా చేతుల్లోకి. రోజూ ఆ ఒక్క క్షణం కోసం నేను ఎదురుచూసేదాన్ని.

మా ఆయన మొదట్లో గొణిగాడు. అది దుప్పటి తడిపింది, గోడకున్న క్యాలెండర్ అందినంత మేర తినేసింది, మంచం మీంచి ఆయన పొట్ట మీదికి దూకింది.

"ఇదేటమ్మా, ఇల్లా సాలా?" అన్నాడు ఒకరోజు.

"నువ్వూ ఈ పొయ్యికాడే పెరిగేవు. నువ్వు తడిపిన దుప్పట్లు నాను లెక్కెట్టేనా?" అంది మా అత్త.

ఆ తర్వాత గొణగలేదు. పనినుంచి వస్తూ రేగాకులు తేవడం మొదలుపెట్టాడు. అదింకా ఆకులు తినే వయసు కాదని చెప్పినా తెచ్చేవాడు.

మంచు తగ్గింది. పొద్దున్నే చెరుకుతోట మళ్ళీ కనిపించడం మొదలైంది. ఒకరోజు మా అత్త, "సలి ఎల్లిపోతంది. పిల్లని తల్లికాడికి సేర్చాల" అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఆ తల్లి వద్దంది కదా! ఇక్కడేటి తక్కువైంది దానికి?"

"ఇక్కడ అన్నీ ఉన్నాయి" అంది. "మేక నేదు. అది మేకలా బతకాల కదే. మనం గెంతగలమా దానితోటి?"

రెండు రోజులు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు. మూతి ముడుచుకుని తిరిగాను. నా మూతి మా అత్తని ఎప్పుడూ భయపెట్టలేదు. ఆవిడ చిన్నాన్న దగ్గరికి వెళ్ళి ఉపాయం అడిగింది. అప్పుడు మా పక్కనంతా బెల్లం వండే రోజులు, ఊరి బయట పాకల్లో పెనాలు ఉడుకుతున్నాయి. చిన్నాన్న చెంబుతో గట్టిపడని పాకం తెచ్చాడు. అది బాగా చల్లారాక మేకపిల్ల వీపుకీ, తోకకీ పూశాడు. నల్లమేకని కొక్కేనికి కట్టి పిల్లని దాని మూతి ముందు నిలబెట్టాడు.

నల్లమేక నాకింది. బెల్లం కదా, ఎవరు నాకరు? ఆ సందులో పిల్లని పొదుగు కిందికి తోశాం. బెల్లం అయిపోగానే తన్నింది. నాకు ఏనుగెక్కినంత సంబరం. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. తన్నినప్పుడల్లా పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి నా కాళ్ళ మధ్య దూరేది. నేను ఎత్తుకుని లోపలికి తెచ్చుకునేదాన్ని. మా అత్త మళ్ళీ పొద్దున్నే బెల్లం కలిపేది.

అలా కొన్నాళ్ళు నడిచాక ఒక ఉదయం పిల్ల ఒంటిమీది బెల్లం అయిపోయింది. నల్లమేక నాకడం ఆపలేదు. వీపు నాకింది, చెవులు నాకింది, నేను రోజూ పెట్టే దిష్టిచుక్క కూడా నాకేసింది. పిల్ల ముంగాళ్ళు మడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, తోక ఊపుకుంటూ తాగింది. నా దగ్గర తాగినట్టే. కొక్కేనికున్న తాడు మా అత్త మెల్లిగా విప్పేసింది. మేక కదల్లేదు.

నేను లోపలికి వచ్చాను. సీసాలో పాలు పోసి సిద్ధంగా పెట్టుకున్నాను ఆ రోజు కూడా. ఆ సీసా పట్టుకుని ఖాళీ అట్టపెట్టె పక్కన కూర్చున్నాను.  పెరట్లో పుల్లలు విరుస్తున్న చప్పుడు, నీళ్ళు కాగుతున్న చప్పుడు వినిపించాయి.

"ఓలే పిల్లా, రా. వచ్చి కూకో."

వెళ్ళి చూస్తే పెద్ద కాగుతో నీళ్ళు మరుగుతున్నాయి. పీట నాకోసం వేసి ఉంది. పక్కన నువ్వులనూనె, పసుపు, సున్నిపిండి.

"ఏటిది? ఈయేల పండగా?" అన్నాను.

"నోరు మూసుకుని కూకో. ఒల్లు సల్లబడిపోనాది నీకు."

కూర్చున్నాను. తలకి నూనె పెట్టింది. వీపుకి, నడుముకి, పొట్టకి నూనె రాసి గట్టిగా ఒత్తింది. పొట్ట మీద ఆవిడ చేతులు ఆగాయి కొంచెంసేపు. తర్వాత పసుపు రాసింది. ఒళ్ళు ఎర్రబడేంత వేడి నీళ్ళు నడుం మీద ధారగా పోసింది, చెంబు మీద చెంబు, కాగు ఖాళీ అయ్యేదాకా. ఊళ్ళో బాలింతలందరికీ ఆవిడ పోసినట్టే. తల తుడిచి, నులకమంచం మీద పడుకోబెట్టి, జుట్టు మంచం అంచు నుంచి కిందికి పరిచి, కింద నిప్పులు పెట్టి సాంబ్రాణి వేసింది. పాత చీరముక్క మడత పెట్టి నా చెవులు మూసి, గడ్డం కిందనుంచి తీసి నడినెత్తిన ముడి వేసింది.

"గాలి తగలనీకు. పచ్చి ఒల్లు" అంది.

నాకు ఏడుపొచ్చింది. పొగ వల్ల అనే సాకు కూడా చెప్పుకోలేదు, గట్టిగా ఏడ్చాను. ఆవిడ వెళ్ళి వేడన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి కలిపి తెచ్చి ముద్దలు చేసి నోట్లో పెట్టింది. మా మధ్య అన్నేళ్ళుగా ఎవరూ ఎత్తని ఊసు అది. ఆ రోజు కూడా ఎత్తలేదు. ఇక ఎత్తనక్కర్లేకపోయింది.

ఆ వానాకాలం మా అత్త జ్వరంతో పోయింది. పల్లెలో ఉండబుద్ధి కాలేదు. మా ఆయనకి ట్రాలీ కిరాయిలు కూడా అనకాపల్లి బెల్లం మార్కెట్ నుంచే ఎక్కువ. పొలం కౌలుకిచ్చి, మేకల్ని చిన్నాన్నకి ఒప్పజెప్పి ఇక్కడికి వచ్చేశాం. మొన్న చలికాలం చిన్నాన్న బెల్లం దిమ్మలతో మార్కెట్‌కి వచ్చి మా ఇంట్లో అన్నం తిని వెళ్ళాడు. మేకపిల్ల ఎలా ఉందని అడిగాను.

"పిల్లేటమ్మా, అదిప్పుడు రెండు పిల్లల తల్లి" అన్నాడు. "దాని ఏషాలు సెప్పాల నీకు. సుక్కురోరం మా ఇంటిది సాంబ్రాణి ఎయ్యగానే పిల్లల్ని ఒగ్గీసి సాల్లోంచి వచ్చెత్తాది. గుమ్మంలో నిలబడిపోతాది. ఎంత తోలినా ఎల్లదు."

చిన్నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇవాళ నేను తలంటుకున్నాను. జుట్టు విరబోసుకుని మెట్ల మీద కూర్చున్నాను. కింద పాప ఏడుపు ఆగింది, పొగ మొదలైంది. ఇంటావిడ బకెట్టు పట్టుకుని బయటికొచ్చి తలెత్తి చూసింది.

"ఏంటండీ, ఇక్కడ కూర్చున్నారు?"

"తల ఆరబెట్టుకుంటున్నాను."

"మెట్ల మీద నీడే కదా. డాబా మీద బోలెడు ఎండ ఉంది, వెళ్ళండి."

"వెళ్తానులెండి" అన్నాను. పొగ ఆగిపోయేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.